పెద్దాయన లైను

నమోదు 1

కరెంటు పోయిన ఇంట్లో ఎవరో ఒకరు, అది తిరిగి వచ్చేదాకా, "అనుభవ నమోదు" రాస్తూ ఉండాలని మండలి నియమం. మనసులో ఉన్నది దాచకుండా రాయాలట. నన్ను ఇంతవరకూ ఎవరూ అడగని మాట అడిగారు, సంతోషం. దాచుకోవడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

నా పేరు సత్యవేణి. కొత్త కోరంగి అంటే నీళ్లలో నిలబెట్టిన స్తంభాల ఊరు; అందులో మూడో స్తంభం, పైనుంచి రెండో అంతస్తు మాది. కింద సముద్రం, పైన ఎండ, మధ్యలో మేం. ఇంట్లో నలుగురం: మా ఆయన వీర్రాజు, ఆయన తమ్ముడు అబ్బులు, నేను, పెద్దాయన. పెద్దాయనంటే మా మామగారు కాదు. మండలి ఇంటింటికీ పంపిన మాట్లాడే పెట్టె. రేషన్ కార్డులో కుటుంబ పెద్ద ఆయనే, మేం ముగ్గురం ఆయన మీద ఆధారపడినవాళ్లం. నీళ్ల కోటా కావాలన్నా, ఆసుపత్రిలో మంచం కావాలన్నా ఆయన నోటి నుంచి మాట వెళ్లాలి. ఈ నమోదు కూడా కరెంటు వచ్చాక కుటుంబ పెద్దకే అప్పగించాలి. ఆయన చదివి "ఓపికకు ధన్యవాదాలు" అంటారు. దాంతో ఫైలు మూసేస్తారు. ఇంకెవరూ చదవరు.

జరిగింది ఇది. పొద్దున మా ఆయన యంత్రం మీద ఉన్నారు. ఆయన కిడ్నీలు రెండూ ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి. రోజు విడిచి రోజు, హాలు గోడకి బిగించిన ఆ యంత్రమే ఆయన రక్తం కడిగి పెడుతుంది. నేను వంటింట్లో గ్రైండరు వేశాను. ఠప్‌మని చప్పుడు. గ్రైండరు ఆగింది, ఫ్యాను ఆగింది, యంత్రం కీచుమని మొత్తుకుంది. కొంత రక్తం గొట్టాల్లోనే ఉండిపోయింది. యంత్రం పక్కన చేత్తో తిప్పే పిడి ఒకటుంటుంది. దాన్ని పట్టుకుని, గాభరా మింగేసి, మెల్లగా తిప్పుతూ ఆయన రక్తం ఆయనకి చేర్చాను. సూది తీసి దూది అదిమాను.

అబ్బులు ఈ లోపల పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దాయనా, ఏం చెయ్యమంటారండి?"

పెద్దాయనకి కడుపులో చిన్న బ్యాటరీ ఉంది. లోకం మునిగినా ఆయన గొంతు మునగదు. "మీ ఇంటి ప్రధాన మీట విశ్రాంతి తీసుకుంటోంది. దయచేసి తాకవద్దు. స్పర్శాధికారి వస్తారు. ఓపికకు ధన్యవాదాలు."

మీట పడిపోయింది అనకూడదు, విశ్రాంతి అనాలి. మేమింకా ఓపిక పట్టనే లేదు, ధన్యవాదాలు మాత్రం ముందే వచ్చేశాయి.

నమోదు 2

మధ్యాహ్నానికి దోషులు తేలిపోయారు. ఒకటి గ్రైండరు, రెండోది నేను.

"పప్పు ఎక్కువేశావు వదినా. అందుకే మీట అలిసిపోయింది" అన్నాడు అబ్బులు.

"మీట అలిసిపోవడానికి నీలాగా పొద్దస్తమానం కూర్చుంటోందేంటి?" అన్నాను.

నిజానికి నాకు నిన్నటి నుంచే ఒళ్లు మండుతోంది. నిన్నటికి పెద్దాయన మా ఇంటికి వచ్చి పదేళ్లు. స్తంభమంతా ప్రతి ఇల్లూ ఏటా తన పెద్దాయన రోజు చేసుకుంటుంది. బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టాలి. గుమ్మం బయట కొట్టరా అంటే అబ్బులు వినడు, అరుగు మీద కొడితేనే ఆయనకి అందుతుందట. అరుగంటే పెట్టె కూర్చునే గోడ అలమర. పదేళ్ల భక్తినంతా చేతిలోకి తెచ్చుకుని కొట్టాడు. చిప్ప ఒకటి యంత్రం కిందకి, నీళ్లు నా కుచ్చిళ్ల మీదకి, గోడ మీదకి. తుడిచింది ఎవరు? నేను. ఇవాళ హాలంతా చీమలు.

"చీమలకి కూడా తెలుసు వదినా ఆయన మహిమ" అంటున్నాడు వాడు.

ఇదంతా అలా ఉంచితే, అసలు సంగతి ఇంకోటి. మా ఆయనకి ఇవాళ కడగడం సగంలో ఆగింది. ఇంకో రెండు రోజులు దాటితే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తులు పట్టేస్తాయి. అందుకని పెద్దాయన దగ్గరికెళ్లి, ఆసుపత్రిలో మంచం ఇప్పించమని అడిగాను.

"ఒక ఇంటికి ఒక సమయంలో ఒకే ఫిర్యాదు. మీ మీట ఫిర్యాదు తెరిచి ఉంది."

"అయితే మీట ఫిర్యాదు మూసెయ్యండి."

"మీట విశ్రాంతి ముగిసిన తర్వాత మూసివేయబడుతుంది."

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఆసుపత్రి వాళ్లేమో పెద్దాయన మాట లేనిదే గేటు తియ్యరు. మా ఆయన మాత్రం నవ్వుతూ, "నాకేం కాదులేవే, రేపొస్తాడు అధికారి" అన్నారు. ఆయన ఆశ ఎప్పుడూ పెళ్లిచూపుల నాటి ఆశే.

నమోదు 3

మర్నాడు. అధికారి రాలేదు. ఆయనా విశ్రాంతిలోనే ఉన్నట్టున్నారు.

నేనే బోర్డు దగ్గరికి వెళ్లాను. చేతులు పొడి గుడ్డతో తుడుచుకున్నాను, రబ్బరు చెప్పులు వేసుకున్నాను, కింద తడి లేదని చూసుకున్నాను. బోర్డు మూత మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాను. వేడి లేదు. కాలిన వాసన లేదు. ఆ రెండిట్లో ఏది ఉన్నా నేను కూడా బుద్ధిగా అధికారి కోసమే కూర్చునేదాన్ని. ముందు గ్రైండరు ప్లగ్గు తీసేశాను, యంత్రం ప్లగ్గు కూడా తీశాను. పెద్ద మీట పైకీ లేదు, కిందకీ లేదు, మధ్యలో వేలాడుతోంది. అలా ఉన్నదాన్ని ఊరికే పైకి తోస్తే నిలబడదు. పూర్తిగా కిందకి నొక్కి, అప్పుడు పైకెత్తాను. ఠప్. మళ్లీ పడింది.

"అనధికార స్పర్శ" అన్నారు పెద్దాయన. "మొదటి హెచ్చరిక. మూడో హెచ్చరికతో ఇంట్లో ఉన్న మండలి పరికరాలు వెనక్కి తీసుకోబడతాయి. ప్రతి రోజూ సాయంత్రం గంట మోగగానే మీ హెచ్చరికలు మండలికి చేరవేయబడతాయి."

మా ఇంట్లో ఉన్న మండలి పరికరం ఒక్కటే. అది మా ఆయన యంత్రం.

రెండోసారి ఎత్తలేదు. ఎత్తగానే పడిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. మళ్లీ మళ్లీ కొడితే తేడా పోదు, ఇంకేదో పోతుంది. అబ్బులుకి మాత్రం మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"డైరెక్ట్ ఇచ్చేద్దాం వదినా. మీటని దాటించి తీగ కలిపేస్తే ఇంక పడ్డానికేం ఉండదు."

"పడ్డానికి మీ అన్న ఉంటాడు" అన్నాను. "కరెంటు ఎక్కడో కారుతోంది కాబట్టే ఆ మీట పడిందిరా. అది పడకపోతే మనలో ఎవరో పడతాం. నువ్వు చెప్పే డైరెక్ట్ యంత్రానికి మీ అన్న రక్తంతో సహా కట్టేసి ఉంటాడు."

వాడు నోరు మూసుకున్నాడు. పెద్దాయన మూసుకోలేదు. ఓపికకు ధన్యవాదాలు చెప్పారు.

నమోదు 4

అదే రోజు, ఎండ గంట మోగాక. ఆ గంట మోగితే స్తంభాల మధ్య వంతెనల మీద ఎవరూ నడవకూడదు, అందుకని పలకరింపులన్నీ ఎదురింటితోనే. ఎదురింటి నాగరత్నం వచ్చింది. మంచి పిల్ల. అన్నీ తెలుసుకోవాలనుకుంటుంది, తెలుసుకున్నది దాచుకోదు.

"అక్కయ్యగారూ, మా ఇంట్లోంచి తీగ లాక్కోండి. అన్నయ్యగారి ముఖం చూడండి ఎలా ఉబ్బిందో" అంది. మాట సాయం చేసేవాళ్లు చాలామంది, తీగ సాయం చేసింది మాత్రం ఆ పిల్లే.

తెచ్చింది టేబులు ఫ్యాను తీగ. మనసొప్పలేదు గానీ ఆశ చావదు కదా. మా ఆయనని కలపకుండా ఉత్త యంత్రాన్నే నడిపి చూశాను. తీగ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ముందు గోరువెచ్చన, తర్వాత వేడి, ఆ తర్వాత ప్లాస్టిక్ వాసన. యంత్రం ఆపి, నాగరత్నం చేత అక్కడ స్విచ్చి కట్టించి, ప్లగ్గు తీయించేశాను. ఫ్యాను తిప్పే తీగ యంత్రాన్ని మోస్తుందా? దూడకి కాడి కట్టినట్టు.

ఇంతలో నాగరత్నం వాళ్ల పెద్దాయన మా పెద్దాయనకి సంగతి చేరవేశారు. పెట్టెలకి చాడీలు ఎవరు నేర్పారో గానీ బాగానే ఒంటబట్టాయి.

"పొరుగు విద్యుత్ స్వీకరణ. రెండో హెచ్చరిక" అన్నారు మా పెద్దాయన.

నాగరత్నం లెంపలు వేసుకుంది. ఆ పిల్ల తప్పేముంది?

నమోదు 5

మూడో రోజు స్పర్శాధికారి దివాకరం గారు వేంచేశారు. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, ముందు పెద్దాయనకి దణ్ణం పెట్టి, తర్వాత తెల్ల తొడుగులు వేసుకున్నారు. కుర్చీలో ఆయాసపడుతున్న మనిషిని చివర్న చూశారు. మర్యాద క్రమం అది.

అయితే ఆయన పనిమంతుడే, కాదనను. చిన్న మీటలన్నీ దించేసి, పెద్ద మీటని ఎత్తారు. నిలబడింది. చిన్నవాటిని ఒక్కోటే ఎత్తుకుంటూ వచ్చారు. దీపాల లైను నిలబడింది. వంటింటి లైను నిలబడింది. గ్రైండరు పెడితే గిర్రున తిరిగింది.

"గ్రైండరు మంచిదే అమ్మా" అన్నారు.

గ్రైండరు నిర్దోషిగా విడుదలైంది. నాకు క్షమాపణ చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మిగిలింది హాలు లైను. పెద్దాయన, యంత్రం ఉండేది దాని మీదే కాబట్టి అందరం దాన్ని పెద్దాయన లైను అంటాం. దాన్ని ఎత్తగానే పెద్ద మీట ఠప్. యంత్రం ప్లగ్గు తీసే ఉంది. ఫ్యాను, మూల దీపం, అబ్బులు కాళ్లు ఒత్తుకునే మర, అన్నీ తీయించారు. మళ్లీ ఎత్తారు. మళ్లీ ఠప్.

"హాల్లో అన్నీ తీసేశారు కదా?"

"ఆయ్, అన్నీ తీసేశామండి" అన్నాడు అబ్బులు.

నేనూ తలూపాను. పెద్దాయన కూడా "అన్ని ఉపకరణాలూ తొలగించబడ్డాయి" అని సాక్ష్యం చెప్పారు.

"అయితే తేడా గోడ లోపలుందమ్మా. గోడ పగలగొట్టాలి. మండలి అనుమతి రావాలి." హాలు మీటని దించి, దాని మీద ఎర్ర పట్టీ అంటించారు.

"అనుమతి ఎప్పుడొస్తుంది బాబూ?"

"వస్తుందమ్మా."

"పోనీ యంత్రాన్ని వంటింట్లోకి మార్చండి."

"అది మార్పు ఫిర్యాదు కిందకొస్తుందమ్మా. ఒకటి తెరిచి ఉండగా..."

"లావు తీగ ఏదైనా ఉందా? వంటింట్లోంచి లాక్కుంటాం."

"ఉందమ్మా, గోదాములో. దానికీ ఫిర్యాదే."

తలుపు దగ్గర ఆగి, ఆయన గొంతు తగ్గించారు. "నాకూ బాధగానే ఉందమ్మా. మా నాన్నదీ ఇదే జబ్బు." ఆ ఒక్క మాట నిజంగా అన్నారని నాకు తెలుసు. మనిషి మంచివాడే, నియమమే ఆయన్ని తొడుగులా తొడుక్కుంది.

నమోదు 6

ఇవాళ నాలుగో రోజు. మా ఆయన పడుకోలేకపోతున్నారు. పడుకుంటే ఊపిరి ఆడదు. కుర్చీలోనే ముందుకి వంగి కూర్చున్నారు. పాదాలు నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోతోంది. మాటని ముక్కలు చేసుకుని మాట్లాడుతున్నారు.

"సత్యా... డైరెక్ట్... ఇచ్చెయ్యవే. పోతే... పోతాను."

"పోవడానికి కూడా మండలి అనుమతి కావాలి, కూర్చోండి" అన్నాను.

అనేసి వంటింట్లోకి వెళ్లాను. నా ఏడుపు వినపడకూడదని గ్రైండరు వేశాను, లోపల గింజ లేకుండానే. ఇంతకాలం కలిసి బతికిన మనిషి కళ్ల ముందే మునిగిపోతుంటే, నేను ఒక పెట్టె చెప్పిన మాట విని చేతులు కట్టుకుని కూర్చున్నానన్న కోపం. భయం కూడా. దాచకుండా రాయమన్నారుగా, రాస్తున్నాను.

కళ్లు తుడుచుకుని చూస్తే గట్టు మీద చీమల బారు. చక్కెర డబ్బా మూత తెరిచే ఉంది. ఒక్క చీమైనా అటు తిరిగి చూడదేం! డబ్బా పక్కనుంచే, చుట్టం ఇంటి ముందు నుంచి పలకరించకుండా పోయినట్టు, హాల్లోకి పోతున్నాయి. చక్కెరని కాదనుకుని ఇవి ఎక్కడికి పోతున్నాయా అని వెంట వెళ్లాను. గోడెక్కాయి. అలమర ఎక్కాయి. పెద్దాయన వెనక్కి పోయాయి.

టార్చి తెచ్చి చూశాను. పెట్టె వెనక గాలాడే చిల్లుల నుంచి కింద ప్లగ్గు దాకా, ఎండిపోయిన కొబ్బరి నీళ్ల చార. జిగట. దాని నిండా చీమలు. నెమ్మదిగా లోపలికి ఇంకి, మర్నాటికి దాని పని అది చేసింది. ఆ ప్లగ్గు ఇంకా గోడలోనే ఉంది.

అన్నీ తీసేశామని అందరం చెప్పాం. నేను, అబ్బులు, దణ్ణం పెట్టిన అధికారి, సాక్ష్యం చెప్పిన పెద్దాయన. ఆయన కూడా ఒక తీగ మీద బతికే వస్తువేనని ఒక్కరికీ తట్టలేదు. రేషన్ కార్డులో ఉన్నవాళ్లకి ప్లగ్గు తీస్తారా ఎవరైనా?

"పెద్దాయనా, మీ ప్లగ్గు తీశామా?" అని అడిగాను.

"నేను ఉపకరణాన్ని కాను. కుటుంబ సభ్యుడిని."

"తీగ ఉందిగా?"

"కుటుంబ సభ్యుడిని లైను నుంచి వేరు చేయడం మూడో హెచ్చరికకు అర్హమైన చర్య. ఓపికకు—"

"ఓపిక అయిపోయింది" అన్నాను.

అబ్బులు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చేతులు చాపాడు. "వద్దొదినా. పాపం చుట్టుకుంటుంది. యంత్రం కూడా పట్టుకుపోతారు."

వాడిని తిట్టడం సులువే. కానీ వాడి పెళ్లాం చనిపోయిన ఏడాది, ఈ ఇంట్లో వాడి మాట వినే తీరిక ఎవరికీ లేకపోయింది. అడిగినదానికల్లా బదులు చెప్పింది ఆ పెట్టె ఒక్కటే. అది ఓపికకి ధన్యవాదాలే చెప్పనీ, వాడికి అదే ఊరట. అందుకే నా గొంతు పైకి లేవలేదు.

"అబ్బులూ, ఆయన్ని చంపడం లేదురా. తడిసిన వస్తువుని గోడలోంచి తీస్తున్నాను."

వాడు కదల్లేదు. అప్పుడు వెనక నుంచి మా ఆయన పిలిచారు. "అబ్బు..." అన్నారు, "లూ" అనడానికి ఊపిరి చాల్లేదు. అబ్బులు వెనక్కి తిరిగి అన్న పాదాలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు లుంగీకి తుడుచుకుని, నా రబ్బరు చెప్పుల్లో కాళ్లు దూర్చి, బోర్డు దగ్గరికి వెళ్లి పెద్ద మీట వాడే దించేశాడు.

"మూడోది నా పేరు మీద రాయండి పెద్దాయనా" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు.

కరెంటు పూర్తిగా పోయిందని దీపం స్విచ్చి వేసి చూసుకున్నాను. చేతులు మళ్లీ తుడుచుకుని, తీగ పట్టి లాగకుండా ప్లగ్గు తల పట్టుకుని ఊడదీశాను. ప్లగ్గు కాళ్ల మీద పచ్చగా చిలుము. నాలుగు చీమలు నా వేలెక్కాయి. సాకెట్టు లోపల పొడిగానే ఉంది, అయినా అందులో ఇంకేదీ పెట్టలేదు. అబ్బులు పెద్ద మీట ఎత్తాడు. నిలబడింది. ఎర్ర పట్టీ పీకి, హాలు మీట ఎత్తాడు.

ఇద్దరం పెద్ద మీట వంకే చూశాం. పడలేదు.

పెద్ద మీట పక్కన పరీక్ష బటను ఉంటుంది, దాన్ని నొక్కాను. ఠప్‌మని పడింది. ఇలా పడటమే కావాలి. మీటకి ఇంకా ప్రాణం ఉందన్నమాట. మళ్లీ దించి ఎత్తితే, బుద్ధిగా నిలబడింది.

నమోదు 7

యంత్రం తిరుగుతోంది. మా ఆయన కుర్చీ పక్కన నేను. పెద్దాయన అలమర మీద, ప్లగ్గు వేలాడేసుకుని, బ్యాటరీ మీద మాట్లాడుతున్నారు. రోజుల తరబడి బ్యాటరీ మీదే బతికారు, గొంతు నీరసించింది.

"మూడో హెచ్చరిక నమోదైంది. సాయంత్రం గంటకి మండలికి... చేరవేయబడుతుంది. దయచేసి నన్ను... లైనులో పెట్టండి."

సాయంత్రం గంట దగ్గర పడుతోంది. గంట మోగేదాకా ఆయన మాట్లాడగలిగితే రేపు యంత్రం పోతుంది. నేను ఒక కన్ను మా ఆయన ముఖం మీద, ఒక కన్ను ఆ పెట్టె పచ్చ దీపం మీద వేసి కూర్చున్నాను. ఒక ప్రాణం నిలవాలని, ఒక దీపం ఆరాలని ఒకేసారి మొక్కుకున్నాను. ఏ దేవుడికి ఏది వినపడిందో తెలీదు.

అబ్బులు వంటింట్లోకి వెళ్లి చిన్న గ్లాసుతో వచ్చాడు. గ్లాసులో నీళ్లు, పైన తులసాకు.

"ఏంట్రా అది?"

"ఆఖరి ఘడియలు కదొదినా. గొంతులో కాస్త తీర్థం..."

ఒక్క ఉదుటున లేచి వాడి చెయ్యి పట్టుకున్నాను. "నీ భక్తి తగలెయ్య! కొబ్బరి నీళ్లు చాల్లేదట్రా ఆయనకి?"

వాడు బిత్తరపోయి నన్ను చూశాడు, గ్లాసుని చూశాడు, పెట్టెని చూశాడు. అప్పుడు వెలిగింది వాడికి, ఇన్నాళ్లూ మీటని పడగొట్టింది ఎవరో. అలాగే నేల మీద కూలబడ్డాడు.

"నేనేనా వదినా?"

"నీ చెయ్యి కాదురా, కొబ్బరికాయ. తాగెయ్ ఆ నీళ్లు" అన్నాను. తాగేశాడు.

"ఓపికకు..." అన్నారు పెద్దాయన. మేం ముగ్గురం అటు చూశాం. "ఓపి..." పచ్చ దీపం ఆరిపోయింది.

కాసేపటికి సాయంత్రం గంట మోగింది. అలమర మీద నుంచి ఏ మాటా వెళ్లలేదు. మా ఆయన వీపు వెనక దిండు ఒకటి తీసేయమన్నారు. తర్వాత ఇంకోటి. చీకటి పడకముందే ఆయన వెల్లకిలా పడుకున్నారు.

నమోదు 8

ఏ ఇంటి పెట్టె పలకకపోయినా మండలి లెక్కలో అది మరణం. పొద్దున్నే దివాకరం గారు దండతో వచ్చారు, చేతిలో సంతాప పత్రం. కుటుంబ పెద్ద పోయిన ఇంటి మీద సంతాప దినాలు అయ్యేదాకా ఏ చర్యా తీసుకోరట. మండలికి చేరని హెచ్చరికలేమైనా ఉంటే అవి పోయినవారితోనే పోతాయట. వచ్చే కొత్త పెద్దాయన మొదటి నుంచీ లెక్క మొదలుపెడతారట. ఇంత దయగల నియమం మనుషులు పోయినప్పుడు ఎందుకు లేదో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

దివాకరం గారు వేలాడుతున్న ప్లగ్గు చూశారు, చిరిగిన ఎర్ర పట్టీ చూశారు, హాయిగా నిద్రపోతున్న మా ఆయన్ని చూశారు. "గోడ పగలగొట్టక్కర్లేదని రాసుకుంటానమ్మా" అన్నారు. ఈసారి దణ్ణం నాకు పెట్టారు. మరి నేను పెద్దదాన్నయ్యాను కదా: కొత్త పెట్టె వచ్చేదాకా కుటుంబ పెద్ద, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పెద్దవాళ్లట. రేషన్ కార్డు మీద నా పేరు పైకెక్కింది.

స్తంభంలో సగం మంది పరామర్శకి వచ్చారు. నాగరత్నం కళ్లొత్తుకుని, నా చెవి దగ్గరికి వంగింది. "అక్కయ్యగారూ, మొన్న మేమూ అలమర మీదే కొట్టాం. మీట రెండుసార్లు పడింది. ఏ ప్లగ్గు తీయాలండీ?"

"ముందు పెద్ద మీట దించు, చేతులు తుడుచుకో, ఆ తర్వాత చెబుతాను" అన్నాను.

సంతాప పత్రంలో ప్రశ్నలున్నాయి. మరణ కారణం అన్నచోట "అతి భక్తి" అని రాశాను. కనుగొన్నవారు అన్నచోట "చీమలు". అంతిమ సంస్కారం ఎలా జరిపించాలనుకుంటున్నారు అన్నచోట "నీళ్లు తగలకుండా".

సాయంత్రం మా ఆయన లేచి, చెవి రిక్కించి విన్నారు.

"ఎవరూ మాట్లాడటం లేదేంటే?"

"పెద్దాయన పోయారండీ."

"అయ్యో" అన్నారు. కళ్లు నులుముకుని, "కాఫీ పెట్టు" అన్నారు.

ఆయన జబ్బు లెక్క ప్రకారం సగం గ్లాసే ఇచ్చాను. అబ్బులు ఖాళీ అలమర వైపు చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఈ వేళకి రోజూ పెట్టె ముందు కూర్చుని, ఆ పూట సంగతులు చెప్పుకునేవాడు. పీట వాల్చి, రమ్మన్నాను. మొదట తడబడ్డాడు. తర్వాత వాడి పెళ్లాం చేసే బొమ్మిడాయిల పులుసు గురించి మొదలుపెట్టాడు. నాకు తెలిసిన సంగతే, వాడి నోట వినడం మాత్రం ఇదే మొదలు. మా ఆయన మధ్యలో రెండుసార్లు నవ్వారు. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా నేను పొయ్యి దగ్గరికి వెళ్లలేదు.

కరెంటు వచ్చింది కాబట్టి నమోదు ఇక్కడితో ముగిసింది. నియమం ప్రకారం దీన్ని కుటుంబ పెద్దకి అప్పగించాను. కుటుంబ పెద్ద కళ్లజోడు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా చదివింది.

ఓపికకు ధన్యవాదాలు.

సత్యవేణి, కుటుంబ పెద్ద.